ఫైలు వ్యవస్థ మూతపడే వేళ: ఒక మెమొరీ దోషము, దాని సవరణ

పరీక్షల రోజులలో ఒక పాఠశాల గుమాస్తా కంప్యూటరు ముందు కూర్చుని మార్కులు ఎక్కిస్తున్నాడనుకుందాము. నూరవ విద్యార్థి మార్కులు కూడా ఎక్కించి, భద్రపరచమని మీట నొక్కాడు. సరిగా ఆ క్షణములోనే కరెంటు పోయింది. పది నిముషాలకు వచ్చింది. యంత్రము మళ్ళీ లేచింది. ఇప్పుడు ఆ ఫైలు ఉన్నదా, లేదా? ఉంటే అందులో నూరు పేర్లూ ఉన్నవా, తొంభైతొమ్మిదేనా? లేక పేరు మాత్రము మార్కుల ఫైలుగా కనిపిస్తూ, తెరిచి చూస్తే లోపల జీతాల పట్టిక దర్శనమిస్తుందా? ఈ మూడవ సంగతి నవ్వులాటకు చెప్పినది కాదు. పాత పద్ధతి ఫైలు వ్యవస్థలలో అటువంటిది జరగడానికి నిజముగానే అవకాశము ఉండేది. నేను చదువుకునే రోజులలో మా ప్రయోగశాలలో ఒక ముసలి యంత్రము ఉండేది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది తన డిస్కును మొదటినుంచి చివరిదాకా తనిఖీ చేసుకుంటూ, తెరమీద అంకెలు లెక్కపెడుతూ కూర్చునేది. ప్రయోగానికని ఇచ్చిన గంట కాస్తా ఆ తనిఖీకే సరిపోయేది.

ఇంత చిక్కు ఎందుకు వస్తుందో ముందుగా తెలుసుకుందాము. డిస్కును లెక్కలేనన్ని అరలున్న బీరువాగా ఊహించవచ్చును. ఒక్కొక్క అరలో సాధారణముగా 4096 బైట్లు పడతాయి. మనము కొత్త ఫైలును ఒకదానిని వ్రాసినప్పుడు, మన కంటికి అది ఒక్క పనిగానే కనిపిస్తుంది. కాని డిస్కుపైన అది కనీసము మూడు పనులు. ఖాళీ అరల పట్టికలో ఫలానా అర ఇక ఖాళీ కాదని గుర్తు పెట్టాలి. ఫైలు వివరాల చీటీ ఒకటి తయారుచేసి, దాని పరిమాణమెంత, ఏయే అరలలో ఉన్నది అన్న సంగతులు వ్రాయాలి. ఈ చీటీని ఇనోడు అంటారు. ఆపైన డైరెక్టరీలో ఫైలు పేరును ఎక్కించి, ఈ పేరుకు ఈ ఇనోడు అని ముడి వేయాలి. ఈ మూడూ డిస్కుమీద మూడు వేర్వేరు చోట్ల ఉంటవి. మూడింటిని ఒకే రెప్పపాటున వ్రాయడము డిస్కుకు సాధ్యము కాదు. పేరూ, చీటీ వ్రాయడము అయి, ఖాళీ పట్టికలో గుర్తు పెట్టకముందే కరెంటు పోయినదనుకోండి. యంత్రము లేచిన తరువాత ఆ అర ఇంకా ఖాళీగానే ఉన్నదని నమ్మి, దానిని మరొక ఫైలుకు ఇచ్చివేస్తుంది. ఒకే అరకు ఇద్దరు యజమానులు! మార్కుల ఫైలులో జీతాల పట్టిక ఎలా చేరునో ఇప్పుడు తెలిసింది గదా.

దీనికి విరుగుడు మన షావుకార్లకు ఎప్పటినుంచో తెలిసినదే. దుకాణములో రెండు పుస్తకాలు ఉంటవి. జరిగిన బేరమును జరిగినట్లు వరుసగా వ్రాసుకునేది చిట్టా. తరువాత తీరికగా ఒక్కొక్క ఖాతాలోకి ఎక్కించుకునేది ఆవర్జా. ఆవర్జాలో సగము ఎక్కించి గుమాస్తా భోజనానికి లేచినా దిగులు లేదు. తిరిగి వచ్చి చిట్టా చూసుకుని మిగిలినది పూర్తి చేస్తాడు. నియమము ఒక్కటే: చిట్టాలో పడనిదే ఆవర్జాలో కలము పెట్టరాదు. ఫైలు వ్యవస్థలోను ఇదే చేస్తారు. డిస్కులో కొంత భాగమును చిట్టాకు కేటాయించి, చేయబోయే మార్పులను ముందు అక్కడ వరుసగా వ్రాస్తారు. అవి డిస్కుకు చేరినవని ఖాయమైన తరువాతనే అసలు పట్టికలను ముట్టుకుంటారు. కరెంటు పోయి వస్తే, డిస్కంతా వెదకనక్కరలేదు. చిట్టా చివరి పుటలు తిరగవేస్తే చాలును. పూర్తిగా వ్రాసి ఉన్న పద్దులను అమలు జరుపుతారు, సగములో ఆగినవాటిని విడిచివేస్తారు. గంటల తనిఖీ సెకండ్లలో ముగుస్తుంది.

ఐ.బి.ఎం. వారు 1990లో తమ ఏఐఎక్స్ వ్యవస్థలో ఇటువంటి చిట్టా గల ఫైలు వ్యవస్థను ఇచ్చారు. సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ 1993లో ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనేదానిని ఆరంభించి, 1994లో తమ ఐరిక్స్ వ్యవస్థతో విడుదల చేసింది. లినక్స్‌లోకి ఇ.ఎక్స్.టి.3 2001లోను, ఎక్స్‌ఎఫ్‌ఎస్ 2002లోను చేరాయి. మన కథ ఈ ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు సంబంధించినది. పెద్ద డిస్కులు, పెద్ద ఫైళ్ళు ఉండే సర్వరు యంత్రాలలో దీనిని విరివిగా వాడుతున్నారు. 2014నాటి రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 నుంచి ఆ పంపిణీలో కొత్త డిస్కులకు మొదట ఎంచుకునే ఫైలు వ్యవస్థ ఇదే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎక్స్‌ఎఫ్‌ఎస్ చిట్టాలో పడేది ఫైలులోని విషయము కాదు. పేరు, చీటీ, ఖాళీ పట్టిక వంటి వివరాలు మాత్రమే. అందువల్ల చిట్టా ఉన్నంత మాత్రాన గుమాస్తా ఆఖరున కొట్టిన మార్కు దక్కితీరునని చెప్పరాదు. పట్టికలు ఒకదానితో ఒకటి పొసగి ఉండునన్న హామీ మాత్రము దక్కుతుంది. విద్యార్థులు ఈ రెంటినీ ఒకటిగా భావించడము నేను తరచుగా చూస్తున్నాను.

చిట్టాయే వ్రాయలేని పరిస్థితి వస్తే? డిస్కు చెడవచ్చును, తీగ ఊడవచ్చును, వ్రాయమన్న ఆజ్ఞకు డిస్కునుంచి "కాదు" అన్న జవాబే రావచ్చును. చిట్టాలో పడనిదే ఆవర్జా ముట్టరాదన్న నియమము ఉన్నది కనుక, ఆ క్షణమునుంచి ఫైలు వ్యవస్థ చేయదగిన మర్యాదైన పని ఒక్కటే. కలము క్రింద పెట్టి దుకాణము మూసివేయడము. దీనిని షట్‌డౌన్ అంటారు. కంప్యూటరును ఆపివేయడానికి కూడ ఇదే మాట వాడుతున్నారు గాని, ఇది వేరు. యంత్రము నడుస్తూనే ఉంటుంది, మిగిలిన డిస్కులు పనిచేస్తూనే ఉంటవి. చెడిన డిస్కుపైన ఉన్న ఫైలు వ్యవస్థ ఒక్కటి మాత్రము ఎవరు ఏమి అడిగినా లోపమని జవాబు చెప్పి ఊరుకుంటుంది. తెలుగులో దీనిని మనము "మూత" అందాము.

లినక్స్ ఉన్న ప్రయోగశాల కలవారు ఈ మూతను కళ్ళారా చూడవచ్చును. ఐదువందల మెగాబైట్ల ఖాళీ ఫైలును ఒకదానిని డిస్కుగా మలచి, దానిపై ఎక్స్‌ఎఫ్‌ఎస్ నెలకొల్పండి. ఒక ఫైలు వ్రాసి, డిస్కుకు చేర్చమని సింక్ ఆజ్ఞ ఇవ్వండి. ఇప్పుడు రెండవ ఫైలు వ్రాసి, వెంటనే ఎక్స్‌ఎఫ్‌ఎస్ పనిముట్లలో ఉన్న షట్‌డౌన్ ఆజ్ఞ ఇవ్వండి. డైరెక్టరీ చూపమంటే లోపమని సమాధానము వస్తుంది. దానిని ఊడదీసి తిరిగి తగిలించండి. మొదటి ఫైలు భద్రముగా ఉంటుంది. రెండవది సాధారణముగా జాడ తెలియకుండా పోతుంది. సగము ఫైలు, సగము పేరు మాత్రము ఉండవు. అదే ఆజ్ఞను "ముందు చిట్టా వ్రాసి మూయి" అన్న షరతుతో ఇస్తే, రెండవ ఫైలు పేరు దక్కుతుంది. లోపల మాత్రము ఖాళీ కనబడవచ్చును. చిట్టాలో విషయము ఉండదని పైన చెప్పిన మాటకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు. అసలు డిస్కుపైన ఈ ప్రయోగము చేయకూడదని వేరుగా చెప్పనక్కరలేదనుకుంటాను.

మూత పడిన వేళ ఫైలు వ్యవస్థ నోరు మూసుకుంటే సరిపోదు. అప్పటికి చేతిలో ఉన్న పనులను చక్కబెట్టాలి. వాటికోసము తీసుకున్న మెమొరీని విడిచిపెట్టాలి. కథలోని చిక్కు ఇక్కడ ఉన్నది.

లినక్స్ కెర్నెల్‌లో అత్యధిక భాగము సి భాషలో ఉన్నది. సి భాషలో మెమొరీ సంగతి పూర్తిగా ప్రోగ్రాము వ్రాసేవాని బాధ్యత. కావలసినప్పుడు ఇన్ని బైట్లు కావాలని అడిగి తీసుకోవాలి, పని తీరిన పిమ్మట తిరిగి ఇచ్చివేయాలి. ఇవ్వడము మరచిపోతే కెర్నెల్ నడిచినంతకాలము అది వృథా. ఒకే ముక్కను రెండుసార్లు ఇచ్చివేయడము మరొక తప్పు. అన్నిటికంటె కీడైనది, ఇచ్చివేసిన తరువాత కూడ దానిని తనదే అనుకుని వాడడము. ఎందుచేతనంటే, విడిచిన ముక్కను కెర్నెల్ మరుక్షణములో మరొకరికి ఇచ్చివేయవచ్చును. పాత యజమాని అక్కడ వ్రాసిన ఒక్క అంకె కొత్త యజమాని లెక్కను పాడుచేస్తుంది. మామూలు ప్రోగ్రాము ఇటువంటి తప్పు చేస్తే ఆ ప్రోగ్రాము ఒక్కటే పడిపోతుంది. కెర్నెల్‌లో భాగాలకు నడుమ గోడలు లేవు. ఫైలు వ్యవస్థ చేసిన తప్పుకు నెట్‌వర్కు భాగము కూలవచ్చును, యంత్రమంతా ఆగిపోవచ్చును. దుష్టబుద్ధి కలవారు ఇటువంటి కంతలనుంచే లోపల ప్రవేశిస్తారు కూడ.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ ప్రతి చిన్న మార్పునూ వెంటనే డిస్కుపై ఉన్న చిట్టాలో వ్రాయదు. 2010లో వచ్చిన ఒక ఏర్పాటు ప్రకారము మార్పులను మెమొరీలో ఒక కట్టగా కూర్చి, కట్ట తగినంత పెరిగినప్పుడు ఒక్కసారిగా చిట్టాకు పంపుతుంది. ఒకే పట్టిక నూరుసార్లు మారినా కట్టలో దాని చివరి రూపమే ఉంటుంది గనుక ఎంతో వ్రాత కలిసివస్తుంది. కట్ట పరిమాణము చిట్టాలో ఎనిమిదవ వంతుకు గాని, 32 మెగాబైట్లకు గాని, రెండిటిలో ఏది తక్కువైతే దానికి చేరగానే పంపే పని మొదలుకావాలని నియమము. కాని పంపేవాడు రావడము ఆలస్యమైతే? అనేక ప్రాసెసర్లు ఉన్న యంత్రములో ఎన్నో పనులు ఒకే కాలములో కట్టలోకి మార్పులు విసురుతూ ఉంటవి. కట్ట అవధి లేకుండా పెరిగి చిట్టా స్థలమంతటినీ మింగే ప్రమాదము ఉన్నది. అందుచేత 2020లో ఒక అడ్డుకట్ట వేశారు. కట్ట పై హద్దుకు రెట్టింపు దాటినప్పుడు, అందులో మార్పు వేసిన పని, కట్ట కదిలేవరకు నిద్రపోవాలి. ఆలోచన మంచిదే. దోషము ఈ నిద్రలోనే ప్రవేశించింది.

దీనిని ధాన్యము కొనుగోలు కేంద్రము పోలికతో చెబుతాను. గిడ్డంగి ముందర ఒక పందిరి వేసి, రైతులు తెచ్చిన బస్తాలను దాని క్రింద పేరుస్తున్నారు. పందిరి నిండగానే గుమాస్తా దాని పక్కన కొత్త పందిరి వేయించి, నిండినదానిలోని సరుకును మిల్లుకు తోలిస్తాడు. మిల్లునుంచి రసీదు వచ్చిన తరువాత పాత పందిరి పీకిస్తాడు. పందిరి నిండిపోయినా గుమాస్తా రాకపోతే, ఆఖరున బస్తా దించిన రైతు తన పేరు ఒక పలకమీద వ్రాసి, చెట్టుక్రింద నడుము వాలుస్తాడు. గుమాస్తా వచ్చి తోలకము మొదలుపెట్టినప్పుడు అందరినీ కేకవేసి లేపుతాడు. లేచిన రైతు వెళ్ళి పలకమీద తన పేరు తానే తుడుచుకుని తన దారిన పోతాడు. పందిరి అంటే మన కట్ట, దాని వివరాలు ఉన్న మెమొరీ ముక్క. పందిరి పీకడము ఆ మెమొరీని విడుదల చేయడము. రైతులు కెర్నెల్‌లో నడుస్తున్న పనులు. మరి పలక ఎక్కడ వ్రేలాడుతున్నది? పందిరి రాటకు!

మామూలు రోజులలో దీనివల్ల ఏ హానీ కనబడదు. గుమాస్తా కేకవేసిన తరువాత సరుకు మిల్లుకు వెళ్ళాలి, రసీదు రావాలి, అప్పుడుగాని పందిరి పీకరు. అంతలోపల ఎంత మొద్దునిద్రవాడైనా లేచి తన పేరు తుడుచుకుంటాడు. కెర్నెల్‌లోను అంతే. డిస్కుకు వ్రాసి జవాబు రావడానికి సెకండులో వెయ్యవ వంతులైనా పడతాయి. ప్రాసెసరు లెక్కలో అది చాలా దీర్ఘకాలము. నిద్రలేచిన పని అంతకంటె ఎంతో ముందుగానే తన పేరు కొట్టివేసుకుంటుంది. అయితే ఇది హామీ కాదు, అలవాటుగా కలిసివస్తున్న అదృష్టము. లేపడము వేరు, లేవడము వేరు. లేపిన పని పరుగెత్తాలంటే దాని వంతు రావాలి, ప్రాసెసరు తీరిక కావాలి.

ఇప్పుడు మూత పడిన రోజు చూడండి. గుమాస్తా కేకవేశాడు. అదే క్షణములో మిల్లు దారి తెగిపోయినదని కబురు వచ్చింది. తోలకము లేదు, రసీదు లేదు, ఎదురుచూడవలసినదేదీ లేదు. సరుకు పారవేసి పందిరి అప్పటికప్పుడు పీకేశారు. ఆ చోటును ఎవరో మిరపకాయల వర్తకునికి ఇచ్చారు, అతడు తన రాట పాతి తన లెక్కల పలక తగిలించుకున్నాడు. మన రైతు కళ్ళు నులుముకుంటూ లేచి, తిన్నగా పాత చోటుకే నడిచి, చేతికి తగిలిన పలకమీద ఒక గీత తుడిచివేశాడు. అతని తప్పు ఏమున్నది? అతనికి చెప్పిన పద్ధతే అతడు పాటించాడు.

కెర్నెల్ మాటలలో చెప్పాలంటే, చిట్టాకు వ్రాత విఫలమై మూత పడగానే, కట్టను పంపే పని దానిని రద్దుచేసి దాని మెమొరీని వెంటనే విడిచిపెట్టింది. వేచి ఉన్నవారి జాబితా, ఆ జాబితాను కాపాడే తాళము కూడ ఆ మెమొరీలోనే ఉన్నవి. ఆలస్యముగా లేచిన పని తన పేరు తొలగించుకోవడానికి ముందు తాళము పట్టుకోవాలి. తాళము పట్టుకోవడమంటే మెమొరీలో వ్రాయడమే. ఆ మెమొరీ అప్పటికి తనది కాదు.

ఈ దోషములో పట్టుకోవడానికి కష్టమైన సంగతి గమనించండి. మూడు యాదృచ్ఛికాలు ఒకచోట కలవాలి: కట్ట హద్దు దాటి ఉండాలి, డిస్కు అప్పుడే చెడాలి, లేచినవాని వంతు కొంచెము ఆలస్యము కావాలి. ఇన్ని కలిసినా, ఇచ్చివేసిన మెమొరీని ఇంకా ఎవరూ తీసుకోకపోతే పైకి ఏమీ తెలియదు. అసలే డిస్కు చెడి అందరూ కంగారులో ఉన్నప్పుడు యంత్రము ఆగిపోతే, డిస్కు చెడినందుకే ఆగినదని సరిపెట్టుకుంటారు. చెడిన డిస్కు నష్టమును ఒక్క ఫైలు వ్యవస్థకే పరిమితము చేయడానికి మూత అనే ఏర్పాటు ఉన్నది. ఆ మూతలోనే దోషము ఉంటే, నష్టము యంత్రమంతటికీ పాకుతుంది. ప్రోగ్రాములో ఎక్కువ పరీక్షకు నోచుకునేది రోజూ నడిచే బాట. మూత దారి ఏడాదికి ఒకసారైనా ఎవరూ నడవని డొంక. నా ఉద్దేశములో అక్కడి ప్రతి మెమొరీ విడుదలను రెండుసార్లు అనుమానించి చూడవలెను.

అటువంటి డొంకలను పనిగట్టుకుని నడిచే పరీక్షలు కొన్ని ఉన్నవి. లినక్స్ ఫైలు వ్యవస్థల కొరకు కూర్చిన పరీక్షల సంపుటిలో 019 అంకె గల సాధారణ పరీక్ష ఒకటి. ఒకవైపు ఫైళ్ళను సృష్టించడము, చెరపడము, వ్రాయడము ముమ్మరముగా సాగిస్తూ, మరొకవైపు డిస్కు చెడినట్లు కృత్రిమముగా నటింపజేస్తుంది. ఎన్నోసార్లు ఇలా చెడగొడితే ఒకసారైనా యాదృచ్ఛికాలు కలుస్తవి. పై దోషము ఈ పరీక్షలోనే బయటపడింది.

బయటపడడానికి మరొక సాధనము కూడ కావాలి. 2015లో లినక్స్ 4.0తో కెర్నెల్‌లో చేరిన కాసాన్ అనే కావలివాడు ఉన్నాడు. మెమొరీలో ప్రతి ఎనిమిది బైట్లకు ఒక బైటు చొప్పున ఇతడు వేరుగా ఒక నీడ పుస్తకము వ్రాసుకుంటాడు. ఆ ఎనిమిదింటిని ముట్టవచ్చునా, ముట్టరాదా అన్నది అందులో ఉంటుంది. ఎవరైనా మెమొరీని విడిచిపెట్టగానే నీడలో "ముట్టరాదు" అని గుర్తు పెడతాడు. అంతేకాక, విడిచిన ముక్కను వెంటనే మరొకరికి ఇవ్వకుండా కొంతకాలము విడిగా ఉంచుతాడు. అంటురోగము వచ్చినవారిని ఊరిబయట ఉంచినట్లే. ఈలోగా పాత యజమాని వచ్చి ముట్టుకుంటే పట్టుబడతాడు. ఎవరు తీసుకున్నారు, ఎవరు విడిచారు, విడిచిన తరువాత ఎవరు ముట్టారు అన్న మూడు జాడలనూ కాసాన్ అచ్చువేసి చూపిస్తాడు. ఈ కావలికి మెమొరీలో ఎనిమిదవ వంతు ఖర్చు, వేగములోను నష్టమే. కనుక పరీక్ష యంత్రాలలో తప్ప వాడుక యంత్రాలలో ఇతనిని సాధారణముగా పెట్టరు.

దోషము తెలిసిన తరువాత సవరణ ఎలా చేయాలి? ఒకరు, రైతులందరూ పేర్లు తుడుచుకునేదాకా పందిరి పీకకుండా ఆగుదామనవచ్చును. చేయవచ్చును గాని, అందుకు ఎందరు మిగిలారో లెక్కపెట్టే కొత్త యంత్రాంగము కావాలి. మూత దారిలో కొత్తగా వేచి ఉండడమంటే కొత్త చిక్కులు కొని తెచ్చుకోవడమే. మరొకరు, పందిరి పీకే ముందు కొంచెముసేపు ఆగితే చాలునంటారు. ఇది సవరణ కాదు, అదృష్టమును పొడిగించడము. 2020లోనే ఎక్స్‌ఎఫ్‌ఎస్ వారు చేసిన సవరణ ఇంతకంటె సులువైనది. పలకను రాటనుంచి తీసి గిడ్డంగి గోడకు తగిలించారు. కట్టలు వస్తూ పోతూ ఉంటవి. వాటిని నడిపే మూల నిర్మాణము మాత్రము ఫైలు వ్యవస్థను తగిలించినప్పుడు పుట్టి, ఊడదీసేవరకు జీవించి ఉంటుంది. వేచి ఉన్నవారి జాబితాను ఆ నిర్మాణములోనికి మార్చారు. ఇక కట్ట మెమొరీ ఎంత త్వరగా విడుదల అయినా నిద్రలేచినవానికి భయము లేదు, అతడు నడిచి వెళ్ళేది గోడ దగ్గరకు. మార్పు కొన్ని పంక్తులలో ముగిసింది.

విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచించవలెను. దోషము ఏ పంక్తిలో ఉన్నది? మెమొరీని విడిచిన పంక్తి తప్పు కాదు, కట్టతో పని తీరింది గనుక విడవవలసినదే. పేరు కొట్టివేసిన పంక్తి తప్పు కాదు. వేర్వేరుగా చూస్తే రెండూ నిర్దోషమే. ఒకరి ఆయుర్దాయము మరొకరి నిద్రకంటె పొట్టిదన్న సంగతి ఏ పంక్తిలోను వ్రాసి ఉండదు. రస్ట్ వంటి కొత్త భాషలలో ఈ ఆయుర్దాయాలను ప్రోగ్రాములోనే వ్రాయవలసి ఉంటుంది, పొసగకపోతే కంపైలరే ఒప్పుకోదు. 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1 మొదలు ఆ భాషకు కెర్నెల్‌లో చోటు దొరికింది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ మాత్రము సి భాషలోనే ఉన్నది.

సవరణ చేసేటప్పుడు ఒక కొత్త ప్రశ్న ఎదురైంది. ఒకే కాలములో రెండు మూడు పందిళ్ళు ఉండవచ్చును, పలక మాత్రము ఇప్పుడు ఒక్కటే. ప్రతి పందిరి కదిలినప్పుడల్లా అందరినీ లేపడము దండుగ కదా. అందువల్ల గుమాస్తాకు ఒక సూత్రము చెప్పారు: తాను తోలిస్తున్న పందిరి రెట్టింపు హద్దు దాటి ఉంటేనే కేకవేయాలి, లేకుంటే నిద్రపోయినవారు ఉండరు గదా! వినడానికి ఇది నూటికి నూరుపాళ్ళు సబబుగా ఉన్నది. నిద్రపోవడానికి ఏ షరతో, లేపడానికి అదే షరతు.

కాని ఆ సూత్రములో ఒక కంత మిగిలింది. పందిరి క్రింద ఉన్న సరుకు పెరుగుతూ మాత్రమే ఉంటుందని అందులో నమ్మకము. నిజానికి అది తగ్గవచ్చును కూడ. ఒక బస్తాను రైతు మళ్ళీ విప్పి, తాలు చెరిగి, తిరిగి తూచితే తరుగు వస్తుంది. కట్టలో ఉన్న ఒక మార్పును మళ్ళీ నమోదు చేసినప్పుడు, కొత్త రూపము పాతదానికంటె చిన్నది కావచ్చును. అప్పుడు కట్ట పరిమాణము తగ్గుతుంది. ఇప్పుడు జరిగేది చూడండి. హద్దు దాటినదని ఒక రైతు పలకమీద పేరు వ్రాసి నిద్రపోయాడు. అంతలో తరుగు వచ్చి సరుకు హద్దుకు దిగువకు చేరింది. గుమాస్తా వచ్చి పందిరి చూశాడు, హద్దు దాటలేదు, కనుక నిద్రపోయినవారు లేరనుకుని కేకవేయకుండా తన పని తాను చేసుకుపోయాడు. చెట్టుక్రింద ఉన్నవాడు అలాగే ఉండిపోయాడు. తరువాతి పందిరి కూడ హద్దు దాటకపోతే అతనిని లేపేవారే ఉండరు. అతడు పట్టుకుని ఉన్న వనరులకోసము మరికొందరు, వారికోసము ఇంకొందరు నిలిచిపోయి, ఫైలు వ్యవస్థ కదలక మెదలక ఉండిపోతుంది. దీనికి డిస్కు చెడనక్కరలేదు, మూత పడనక్కరలేదు. మామూలు పనిలోనే జరుగుతుంది. మెమొరీ ఆయుర్దాయాలను లెక్కగట్టే రస్ట్ కంపైలరు సైతము దీనిని పట్టదు. ఇక్కడ ఎవరూ పరాయి మెమొరీని ముట్టలేదు, లేపవలసినవానిని లేపలేదు, అంతే.

దీనిని 2021లో సరిదిద్దారు. గుమాస్తా ఇక పందిరి ఎత్తును చూసి ఊహించడు. తిన్నగా గోడ దగ్గరకు వెళ్ళి పలకనే చూస్తాడు. పేరు ఒక్కటి ఉన్నా అందరినీ లేపుతాడు. ఖాళీగా ఉంటే కేక శ్రమ తప్పుతుంది. తాను పలక చూస్తున్నంతలో మరొక రైతు వచ్చి పేరు వ్రాస్తే ఏమగునని చదువరులకు సందేహము రావచ్చును. పేరు వ్రాయాలంటే ఒక తాళము చేతిలో ఉండాలి, గుమాస్తా పలక చూసే సమయములో ఆ తాళము అతని చేతిలోనే ఉంటుంది.